అయస్కాంతానికి అంటుకునే ఉత్ప్రేరక పొడి: అద్దకం నీళ్ళ మీద మూడు నెలలు వాడి చూశాక

అద్దకపు వ్యర్థజలం నుంచి రంగును తొలగించడానికని అమ్ముతున్న ఒక అయస్కాంత ఉత్ప్రేరక పొడిని మూడు నెలలపాటు మా ప్రయోగశాలలో వాడి చూశాను. నల్లటి ప్లాస్టిక్ సీసాలో అర కిలో పొడి, దానితోపాటు నాలుగు పేజీల కరపత్రం వచ్చాయి. రంగులను పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ అనే సన్నరంధ్రాల బొగ్గు రేణువుల మీద మాగ్నటైట్ అనే ఐరన్ ఆక్సైడ్‌ను పట్టించి తయారుచేసిన మిశ్రమం ఇది. హైడ్రజన్ పెరాక్సైడ్‌తో కలిపి వాడితే అరగంటలో 99 శాతం రంగు పోతుందనీ, ఆ తర్వాత అయస్కాంతంతో పొడిని వెనక్కి లాగి మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చనీ కరపత్రం చెబుతుంది. రెండో మాట చాలావరకు నిజం. మొదటిది మాత్రం ఏ రంగు మీద, ఏ నీటిలో, ఎలా కొలిచారన్న దాన్ని బట్టి నిజమైనా కావచ్చు, అబద్ధమైనా కావచ్చు. అయిదు నక్షత్రాలకు నేను మూడు ఇస్తున్నాను. ఆ మూడూ పొడికి దక్కినవి. పోయిన రెండూ ఎక్కువగా కరపత్రం వల్ల పోయినవి.

నా పని అద్దకం యూనిట్ల నుంచి వచ్చే నీటి నమూనాలకు పీహెచ్, సీఓడీ (నీటిలోని సేంద్రియాలను ఆక్సీకరణం చేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత), రంగు, కరిగిన లవణాలు కొలిచి నివేదిక రాయడం. అందువల్ల ఈ సమీక్షలో పొడి తయారీ గురించి కంటే, అది చేతిలోకి వచ్చాక ఏం చేసింది, ఏం చేయలేకపోయింది అన్నదే ఎక్కువగా ఉంటుంది. విక్రేత పేరు ఇవ్వడం లేదు. ఇక్కడ చెప్పిన విషయాల్లో అధికభాగం ఇదే కోవకు చెందిన ఏ పొడికైనా వర్తిస్తాయి.

ముందుగా ఈ పొడి ఏ పని కోసం పుట్టిందో చెప్పుకోవాలి. హెన్రీ ఫెంటన్ అనే రసాయన శాస్త్రవేత్త 1894లో, కొద్దిపాటి ఐరన్ లవణం సమక్షంలో హైడ్రజన్ పెరాక్సైడ్ టార్టారిక్ ఆమ్లాన్ని చురుగ్గా ఆక్సీకరణం చేస్తుందని ప్రకటించాడు. ఆ చురుకుదనానికి హైడ్రాక్సిల్ రాడికల్ అనే అతి చురుకైన అణుశకలం కారణమని 1934లో హేబర్, వైస్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఆ రాడికల్ ఎదురుపడిన సేంద్రియ అణువును దాదాపు దేన్నయినా చీలుస్తుంది కాబట్టి, సూక్ష్మజీవులు సులువుగా తినలేని ఆజో రంగులను (రెండు నైట్రోజన్ల జంట బంధం ఉన్న రంగులు) విడగొట్టడానికి ఫెంటన్ పద్ధతి బాగా అక్కరకొచ్చింది. దానికి ఉన్న పాత ఇబ్బంది బురద. నీటిలో కరిగిన ఐరన్ పని ముగిశాక ఎక్కడికీ పోదు. పీహెచ్ పెంచగానే తుప్పు రంగు హైడ్రాక్సైడ్‌గా పేరుకుని, వడకట్టి, ఆరబెట్టి, ఎక్కడో పారవేయవలసిన భారమవుతుంది. ఐరన్‌ను కరగనివ్వకుండా ఘనపదార్థంలో బంధించి ఉంచితే ఈ బురద తగ్గుతుంది. ఆ ఘనపదార్థానికి అయస్కాంత గుణం కూడా ఉంటే వడపోత అవసరమే తగ్గుతుంది. మాగ్నటైట్‌లో ఫెర్రస్ ఐరన్, దానికంటే ఒక ఎలక్ట్రాన్ తక్కువున్న ఫెర్రిక్ ఐరన్ రెండూ ఉంటాయి, అది అయస్కాంతానికి గట్టిగా ప్రతిస్పందిస్తుంది. కనుక ఒకే పదార్థం రెండు పనులకూ సరిపోయింది. ఆలోచన చక్కనిది, అందులో సందేహం లేదు.

అయస్కాంతం విషయంలో ఈ పొడి నన్ను నిరాశపరచలేదు. సీసా బయటి గోడకు చిన్న నియోడిమియం అయస్కాంతాన్ని ఆనించగానే లోపలి పొడి ముళ్ళపంది వీపులా నిక్కబొడుచుకుంది. పావు లీటరు బీకరులో కలిపిన పొడి అయస్కాంతం పెట్టిన వైపుకు జరిగి, రెండు నిమిషాలు దాటకముందే నల్లటి చారగా గోడకు అతుక్కుంది. బీకరును వంచి తేటనీటిని పోసేస్తే పొడి ఉన్నచోటే ఉండిపోయింది. సాధారణ యాక్టివేటెడ్ కార్బన్ పొడిని వడకట్టి వేసారినవారికి ఈ దృశ్యం ఎంత హాయినిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

కరపత్రం చెప్పని ఒక సంగతి మాత్రం మొదటిరోజే నాకు తెలిసివచ్చింది. అలవాటు కొద్దీ బీకరును అయస్కాంత స్టిర్రర్ మీద పెట్టి, అందులో నీటిని కలియతిప్పే స్టిర్ బార్ అనే తెల్లటి చిన్న అయస్కాంత కడ్డీని వేశాను. పావుగంట తర్వాత చూస్తే నీటిలో పొడి జాడ లేదు; స్టిర్ బార్ మాత్రం గొంగళిపురుగులా నల్లగా, బొద్దుగా తిరుగుతోంది. వేసిన పొడిలో ఎక్కువ భాగం దానికే పట్టుకుని కూర్చుంది. దాన్ని విడిపించడానికి పట్టిన సమయంలో మరో ప్రయోగం పూర్తయ్యేది. ఆ రోజు వచ్చిన అంకెలన్నీ కొట్టేసి, పైనుంచి తిరిగే గాజు రెక్కల స్టిర్రర్‌కు మారాను. అయస్కాంత పొడి అమ్మేవారు అయస్కాంత స్టిర్రర్ వాడవద్దని ఒక్క వాక్యం రాయడానికి చోటు చాలకపోవడం వింతగా ఉంది.

పరిమాణం పెరిగినకొద్దీ అయస్కాంతం మహిమ తగ్గుతుందని కూడా కొనేవారు గుర్తుంచుకోవాలి. అయస్కాంతం లాగే శక్తి దూరంతో చాలా వేగంగా పడిపోతుంది. బీకరులో రెండు నిమిషాల్లో జరిగిన పని ఇరవై లీటర్ల బకెట్‌లో అదే అయస్కాంతంతో గంట దాటినా పూర్తికాలేదు. మధ్యభాగంలోని నీరు బూడిద రంగులోనే ఉండిపోయింది. పెద్ద ఎత్తున చేయాలంటే సన్నటి స్టీలు పీచును గొట్టంలో కూరి, బయట అయస్కాంత క్షేత్రం పెట్టి, ఆ పీచు గుండా నీటిని పంపాలి. ప్రతి పీచు పోగు చుట్టూ క్షేత్రం తీవ్రంగా మారడం వల్ల రేణువులు అక్కడ చిక్కుకుంటాయి. ఖనిజ పరిశ్రమలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఇది. పొడి సంతృప్త అయస్కాంతీకరణ విలువ, అంటే అది గరిష్ఠంగా ఎంత అయస్కాంతంగా మారగలదన్నది, తెలిస్తే ఇలాంటి గొట్టం రూపకల్పనకు ఆధారం దొరుకుతుంది. శుద్ధ మాగ్నటైట్‌కు అది గ్రాముకు సుమారు 92 ఈఎంయూ (అయస్కాంతీకరణను కొలిచే ప్రమాణం). కార్బన్ కలిసేకొద్దీ ఆ విలువ తగ్గుతుంది. కరపత్రంలో ఆ అంకె లేదు. అడిగితే విక్రేత నుంచి వచ్చిన జవాబు ‘చాలా ఎక్కువ’ అని.

ఇక 99 శాతం సంగతి. కరపత్రంలోని ఛాయాచిత్రంలో ఎడమవైపు నీలం సీసా, కుడివైపు తేట సీసా ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో రంగు పేరు మిథిలీన్ బ్లూ అని ఉంది. అది చదవగానే నాకు అనుమానం కలిగింది. మిథిలీన్ బ్లూ నూలు అద్దకంలో పెద్దగా కనిపించే రంగు కాదు. పైగా యాక్టివేటెడ్ కార్బన్ ఎంత బాగా పీల్చుకుంటుందో కొలవడానికి కార్బన్ పరిశ్రమ ప్రామాణికంగా వాడే రంగు అదే. కార్బన్ ఉన్న పొడి ఉత్ప్రేరకంగా ఎంత గొప్పదో చూపించడానికి ఆ రంగునే ఎంచుకోవడం, ఈతగాడి నేర్పు చూపిస్తానని చెప్పి అతన్ని పడవలో కూర్చోబెట్టి ఏరు దాటించినట్టుంది.

అందుకని కరపత్రంలోని ప్రయోగాన్నే మూడు బీకర్లలో వేరువేరుగా చేశాను. మొదటి దానిలో రంగు, పెరాక్సైడ్ మాత్రమే. రెండో దానిలో రంగు, పొడి మాత్రమే. మూడో దానిలో మూడూ. లీటరుకు ఒక గ్రాము పొడి, కరపత్రం చెప్పిన మోతాదులో పెరాక్సైడ్ వేసి, ఐదేసి నిమిషాలకు కొంచెం నీరు తీసి, అయస్కాంతంతో తేర్చి, సన్నని వడపోత పొర గుండా పంపి, 664 నానోమీటర్ల దగ్గర శోషణ, అంటే రంగు ఎంత కాంతిని మింగుతోందన్నది, కొలిచాను. కొన్ని వడపోత పొరలు తామే రంగును పట్టుకుంటాయి కాబట్టి, ముందుగా పొడి వేయని రంగునీటిని అదే పొర గుండా పంపి తేడా లేదని నిర్ధారించుకున్నాను. మొదటి బీకరులో రంగు అంగుళం కదల్లేదు. రెండు, మూడు బీకర్లు అరగంటలో పక్కపక్కన పెడితే ఏది ఏదో గుర్తుపట్టలేనంతగా తేటపడ్డాయి. అంటే పెరాక్సైడ్ వేసినా వేయకపోయినా నీలం పోతోంది. అది విరగలేదు, పొడిలోకి మకాం మార్చింది. రెండో బీకరులోని పొడిని వేరుచేసి కొద్దిగా ఆమ్లం కలిపిన ఎథనాల్‌లో ఊపితే ఎథనాల్ నీలంగా మారింది. అదే పని మూడో బీకరు పొడితో చేస్తే చాలా పలచటి నీలమే దిగింది. అంటే పెరాక్సైడ్ ఉన్నచోట పీల్చుకున్న రంగులో కొంత నిజంగానే ధ్వంసమైంది. ఇది పొడికి అనుకూలమైన సాక్ష్యమే. ఆ సాక్ష్యాన్ని చూపించకుండా, ఏమీ నిరూపించని ఛాయాచిత్రాన్ని అచ్చువేయడమే నాకు నచ్చనిది.

అసలు పరీక్ష రియాక్టివ్ బ్లాక్ 5తో మొదలైంది. నూలు వస్త్రాల నలుపుకు విస్తారంగా వాడే ఈ రంగులో రెండు ఆజో బంధాలున్నాయి. దీని శోషణ శిఖరం 597 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఇది నీటిలో రుణావేశంతో ఉండే రంగు. మాగ్నటైట్ ఉపరితలం ఆమ్లంలో ధనావేశాన్ని, క్షారంలో రుణావేశాన్ని సంతరించుకుంటుంది. ఆ మార్పు జరిగేది తటస్థ పీహెచ్‌కు దగ్గరలోనే. కనుక ఆమ్లపు నీటిలో రంగు వచ్చి ఉపరితలానికి అంటుకుంటుంది, క్షారపు నీటిలో దూరంగా తొలగిపోతుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే నాకు వచ్చిన ఫలితాలు సగం ముందే ఊహించవచ్చు.

స్వేదనజలంలో కరిగించిన శుద్ధమైన రంగుతో, పీహెచ్ 3 దగ్గర, పొడి ఎంతో బాగా పనిచేసింది. ముదురు నీలినలుపు మొదట ఊదాగా, తర్వాత లేత గులాబీగా, నలభై నిమిషాలకు దాదాపు తేటగా మారింది. పెరాక్సైడ్ లేని బీకరులో మూడోవంతు రంగు మాత్రమే తగ్గింది. ఇక్కడ ఉత్ప్రేరకం నిజంగా ఉత్ప్రేరకంలా నడుచుకుందని ఒప్పుకోవాలి. పీహెచ్ 7 దగ్గర అదే పని మూడు గంటలు పట్టింది, చివరికి కూడా నీటిలో లేత ఊదా జీర మిగిలింది. దీనికి కారణం సుపరిచితమే. ఫెర్రస్ ఐరన్ పెరాక్సైడ్‌తో వేగంగా చర్య జరిపి ఫెర్రిక్‌గా మారుతుంది. ఫెర్రిక్ తిరిగి ఫెర్రస్‌గా మారే మెట్టు దానికంటే వేల రెట్లు నెమ్మది. ఆమ్లంలో పొడి నుంచి కొద్దిగా ఐరన్ కరిగి ఈ చక్రాన్ని తిప్పడానికి తోడ్పడుతుంది. తటస్థ నీటిలో ఆ తోడ్పాటు ఉండదు. ‘విశాలమైన పీహెచ్ పరిధి’ అని కరపత్రం వాడిన మాటకు అర్థం, విశాలమైన పరిధిలో ఏదో ఒక మేరకు జరుగుతుందని మాత్రమే.

తర్వాత నిజమైన అద్దకపు నీటిని తీసుకున్నాను. రియాక్టివ్ రంగుల అద్దకంలో రంగును నూలు వైపు నెట్టడానికి లీటరుకు పదుల గ్రాముల ఉప్పు, దాన్ని నూలుతో బంధించడానికి సోడా యాష్ (సోడియం కార్బొనేట్) వేస్తారు. బంధించుకోని రంగు, వాడిన మొత్తంలో 10 నుంచి 50 శాతం దాకా, నీటిలోనే మిగిలిపోతుంది. ఆ నీటి పీహెచ్ 11కు దగ్గరగా ఉంటుంది. అందులో పొడి, పెరాక్సైడ్ వేయగానే బీకరు బుసబుసమని పొంగింది. పక్కనున్న సహోద్యోగి ‘భలే పనిచేస్తోందే’ అన్నాడు. ఆ పొంగు పని జరుగుతున్నందుకు కాదు, పెరాక్సైడ్ వృథాగా నీరు, ఆక్సిజన్‌గా విడిపోతున్నందుకు. బుడగలు పొడిని కూడా పైకి మోసుకొచ్చి నల్లటి తెట్టు కట్టించాయి. గంట తర్వాత రంగు మొదట్లో ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. పొంగు అణిగాక పరీక్షా కాగితంతో చూస్తే పెరాక్సైడ్ ఆనవాలు లేదు.

అదే నీటిని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 3కు దించి మళ్ళీ చేశాను. సోడా యాష్ అంతా కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోయేదాకా ఆమ్లం పోస్తూనే ఉండాలి. నురగ వల్ల పావు లీటరు నీటికి లీటరు బీకరు కావలసివచ్చింది. ఈసారి రంగు పోయింది, కాని శుద్ధమైన రంగుతో నలభై నిమిషాల్లో అయిన పని రెండున్నర గంటలు తీసుకుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆమ్లపు నీటిలో హైడ్రాక్సిల్ రాడికల్‌ను అటకాయించి తక్కువ చురుకైన క్లోరిన్ రాడికల్స్‌గా మారుస్తుంది; అవి కొత్తగా క్లోరిన్ చేరిన సేంద్రియాలను తయారుచేసే ప్రమాదమూ ఉంది. ఆమ్లం పోయకుండా వదిలేద్దామంటే కార్బొనేట్ ఉంది. బైకార్బొనేట్ కంటే అది దాదాపు 45 రెట్లు వేగంగా ఆ రాడికల్‌ను మింగేస్తుంది. ఇక పని అయిపోయాక నీటిని విడిచిపెట్టాలంటే మళ్ళీ క్షారం పోసి పీహెచ్ పెంచాలి. ఆమ్లం, క్షారం రెండూ చివరికి లవణాలుగానే నీటిలో మిగులుతాయి. రంగు తగ్గించబోయి కరిగిన లవణాలను పెంచినవాళ్ళమవుతాం. అద్దకపు తొట్టి నుంచి నేరుగా వచ్చే నీటికి ఈ పొడిని నేను సిఫారసు చేయలేకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

పెరాక్సైడ్ మోతాదు గురించి కరపత్రం చెప్పిన సలహా ‘రంగు ముదురుగా ఉంటే రెట్టింపు చేయండి’ అని. ఈ సలహాను పాటించకూడదు. పెరాక్సైడ్ మరీ ఎక్కువైతే అదే హైడ్రాక్సిల్ రాడికల్‌ను పట్టుకుని, దానికంటే చాలా మెతకైన రాడికల్‌గా మారుస్తుంది. శుద్ధమైన రంగుతో మోతాదును రెట్టింపు చేసినప్పుడు వేగం కొంచెం పెరిగింది, నాలుగు రెట్లు చేసినప్పుడు మొదటి వేగం కంటే తగ్గింది. ఒకేసారి గుమ్మరించడం కంటే నాలుగు విడతలుగా, పావుగంటకొక విడత చొప్పున వేస్తే తక్కువ పెరాక్సైడ్‌తో మెరుగైన ఫలితం వచ్చింది. ఈ పొడి కొన్నవారికి నేను చెప్పగల ఉపయోగకరమైన చిట్కా ఇదొక్కటే అయినా పరవాలేదు.

మిగిలిపోయిన పెరాక్సైడ్ నన్ను మరో రకంగా ముప్పుతిప్పలు పెట్టింది. శుద్ధి చేసిన తేట నీటికి సీఓడీ కొలిస్తే అది శుద్ధికి ముందున్న రంగునీటి కంటే ఎక్కువ వచ్చింది. కళ్ళెదుట తేటగా ఉన్న నీటికి ఆ అంకె చూసి, ఆ పరీక్షలో సేంద్రియాలను ఆక్సీకరణం చేసే డైక్రోమేట్ ద్రావణం పాడైందేమోనని కొత్తది కలిపాను. మళ్ళీ అదే అంకె. అప్పుడు గాని తట్టలేదు. పరీక్షలోని డైక్రోమేట్ పెరాక్సైడ్‌ను కూడా ఆక్సీకరణం చేస్తుంది. లీటరులో మిగిలిన ప్రతి మిల్లీగ్రాము పెరాక్సైడ్ సుమారు 0.47 మిల్లీగ్రాముల దొంగ సీఓడీగా లెక్కకెక్కుతుంది. నమూనాను తటస్థం చేసి, క్యాటలేజ్ ఎంజైమ్ కొద్దిగా వేసి, పరీక్షా కాగితం మీద పెరాక్సైడ్ గుర్తు పోయాక కొలిస్తే అసలు సీఓడీ బయటపడింది. సోడియం సల్ఫైట్ వేసి పెరాక్సైడ్‌ను చంపేవారూ ఉన్నారు. అది ఎక్కువైతే తానూ సీఓడీ చూపిస్తుంది. నివేదికల మీద సంతకాలు పెట్టేవారు ఈ పొరపాటు వల్ల ఒక మంచి శుద్ధిని చెడ్డదని రాసే అవకాశం ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాను.

ఆ అసలు సీఓడీ అయినా సంబరపడేటంత కాదు. ఆమ్లపు నీటిలో రంగు పూర్తిగా పోయిన నమూనాలో కూడా సీఓడీ సగానికి కాస్త దిగువకు మాత్రమే వచ్చింది. ఆజో బంధం తెగగానే కంటికి కనిపించే రంగు పోతుంది. ఆ బంధానికి అటూ ఇటూ ఉన్న బెంజీన్, నాఫ్తలీన్ వలయాలు నీటిలో ఉండనే ఉంటాయి. స్పెక్ట్రోఫోటోమీటరులో 597 దగ్గరి శిఖరం చదునైపోయినా, అతినీలలోహిత భాగంలో 310 నానోమీటర్ల ప్రాంతంలో ఆ వలయాల వల్ల వచ్చే గుట్ట చాలాసేపు నిలబడే ఉంది. ఆ తర్వాత గంటన్నరపాటు పెరాక్సైడ్ విడతలు కొనసాగిస్తే అదీ నెమ్మదిగా కుంగింది. ఆజో రంగులు విరిగినప్పుడు పుట్టగల కొన్ని ఆరోమాటిక్ అమీన్లు (అలాంటి వలయానికి నైట్రోజన్ సమూహం అంటుకున్న అణువులు) క్యాన్సర్ కారకాలు. వాటిలో 22 అమీన్లను విడుదల చేసే రంగులను చర్మానికి తగిలే వస్త్రాల్లో వాడకూడదని ఐరోపా సమాఖ్య నిషేధించింది కూడా. రంగు పోయిన క్షణంలోనే పెరాక్సైడ్ ఆపేయమని చెప్పే కరపత్రం ఈ సంగతి ప్రస్తావించకపోవడం చిన్న లోపం కాదు.

పునర్వినియోగం దగ్గర పొడి మళ్ళీ మార్కులు తెచ్చుకుంది. ఆమ్లపు నీటిలో అయిదుసార్లు వాడాను. మూడోసారి దాకా తేడా కనిపించలేదు. నాలుగు, అయిదు విడతల్లో వేగం మందగించింది. ప్రతి విడత తర్వాత నీటిలోకి దిగిన ఐరన్‌ను, దానితో కలిసి నారింజ రంగునిచ్చే ఫినాంత్రోలిన్ అనే రసాయనంతో, 510 నానోమీటర్ల దగ్గర కొలిచాను. మొదటి విడతలో అది అన్నిటికంటే ఎక్కువగా ఉండి తర్వాత తగ్గింది. బహుశా రేణువులకు వదులుగా అతుక్కున్న ఐరన్ ముందే కడుక్కుపోయి ఉంటుంది. చర్య సగంలో ఉండగా పొడిని అయస్కాంతంతో పూర్తిగా తీసేసి చూస్తే, మిగిలిన నీటిలో రంగు తగ్గడం ఆగిపోలేదు గాని బాగా నెమ్మదించింది. అంటే పనిలో కొంత వాటా కరిగిన ఐరన్‌ది, పెద్ద వాటా పొడి ఉపరితలానిది. ‘ఐరన్ అసలు కరగదు’ అన్న ప్రకటన సరికాదు, కాని మామూలు ఫెంటన్‌లో వచ్చే బురదతో పోలిస్తే ఇక్కడ పీహెచ్ పెంచినప్పుడు అడుగున చేరినది చెంచాడు కూడా లేదు. ఈ పొడిని కొనడానికి బలమైన కారణం ఏదైనా ఉంటే అది ఇదే.

పొడిని పునరుజ్జీవింపజేయబోయి నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. రంధ్రాల్లో ఇరుక్కున్న సేంద్రియాలను కాల్చేద్దామని కొంత పొడిని గాలి తగిలే కొలిమిలో 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు గంటలు ఉంచాను. బయటికి తీస్తే నల్ల పొడి ఇటుక రంగుకు తిరిగింది, పరిమాణమూ తగ్గింది. కార్బన్ కాలిపోయింది, మాగ్నటైట్ హెమటైట్ అనే ఎర్రటి ఐరన్ ఆక్సైడ్‌గా మారింది. అయస్కాంతాన్ని దగ్గరికి తెస్తే ఆ ఎర్రపొడి పలకలేదు. ఇందులో విక్రేత తప్పేమీ లేదు, తెలిసి తెలిసి నేను చేసిన పనే. అయితే కరపత్రంలో ‘వేడిచేసి శుభ్రపరచండి’ అన్న మాట ఉష్ణోగ్రత చెప్పకుండా ఉంది. పలచటి క్షారంతో, తర్వాత నీటితో కడిగి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టడం చాలు.

భద్రత గురించి కరపత్రం ఒక ముక్కు తొడుగు బొమ్మతో సరిపెట్టింది. పొడి నిజంగానే చాలా సన్నం. మూత తీసినప్పుడు గాలిలోకి లేస్తుంది కాబట్టి నేను మొత్తం సీసాను ఒకసారి నీటితో ముద్దచేసి వాడుకోవడం మొదలుపెట్టాను. అంతకంటే ముఖ్యం, గాఢమైన పెరాక్సైడ్‌లో ఈ పొడిని నేరుగా వేయకూడదు. క్షణాల్లో మరిగి, వేడి ద్రవం బయటికి చిమ్ముతుంది. ముందు నీరు, అందులో పొడి, చివర పలచబరచిన పెరాక్సైడ్, ఈ వరుస తప్పకూడదు. పెరాక్సైడ్ తగిలిన తడి పొడిని మూత బిగించిన సీసాలో దాచడమూ ప్రమాదమే, లోపల ఆక్సిజన్ పేరుకుంటుంది.

విక్రేతకు నేను రాసిన రెండు ఉత్తరాల్లో మొదటిదానికి అమ్మకాల విభాగం నుంచి మరో కరపత్రం వచ్చింది. రెండో దానికి సాంకేతిక విభాగం నుంచి వచ్చిన జవాబు మర్యాదగా, సూటిగా ఉంది. తమ 99 శాతం ఫలితం స్వేదనజలంలో చేసినదేననీ, ఉప్పు ఉన్న నీటిలో పరీక్షించలేదనీ ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు అచ్చులో ఉంటే నేను మరో నక్షత్రం ఇచ్చేవాణ్ణి.

ఎవరు కొనవచ్చు అని అడిగితే, కళాశాల ప్రయోగశాలలు నిశ్చింతగా కొనవచ్చు. అధిశోషణం (రంగు ఉపరితలానికి అంటుకోవడం), ఉత్ప్రేరణం మధ్య తేడాను విద్యార్థులకు ఇంత స్పష్టంగా చూపించే పదార్థం వేరొకటి నాకు తెలియదు. పాలిస్టర్‌కు వాడే డిస్పర్స్ రంగుల నీరు మాత్రమే వచ్చే యూనిట్లకు ఇది అనవసరం. ఆ రంగులు నీటిలో సరిగా కరగవు కాబట్టి పటికతోనో ఐరన్ లవణంతోనో గడ్డకట్టించి దించేయడం చౌక, సులువు కూడా. రియాక్టివ్ రంగుల యూనిట్లు దీన్ని సూక్ష్మజీవులతో శుద్ధిచేసే బయొలాజికల్ ట్యాంకు దాటివచ్చిన నీటికి చివరి మెట్టుగా పరిశీలించవచ్చు. అక్కడ సులువుగా కుళ్ళే సేంద్రియాలు అప్పటికే పోయి ఉంటాయి. కడుగు నీళ్ళతో కలవడం వల్ల ఉప్పు, క్షారం పలచబడి ఉంటాయి. మిగిలేది మొండి రంగు మాత్రమే. అలాంటి నమూనా మీద, పీహెచ్‌ను 5కు దించి, పెరాక్సైడ్‌ను విడతలుగా వేసి చేసినప్పుడు గంటన్నరలో నీరు తేటపడింది, ఆమ్లం కూడా స్వల్పంగానే ఖర్చయింది. మూడు నెలల్లో ఈ పొడి నాకు చూపిన మేలైన ఫలితం అదే.

సీసాలో ఇంకా మూడోవంతు ముద్ద మిగిలి ఉంది. దాన్ని ఆ చివరి మెట్టు నమూనాలకే కేటాయించాను. కరపత్రం దస్త్రంలోకి వెళ్ళింది. సీసా మీద మాత్రం మార్కరుతో మూడు మాటలు రాసి పెట్టాను: స్టిర్ బార్ వద్దు, పెరాక్సైడ్ విడతలుగా, ఓవెన్ 60 దాటకూడదు.